డిప్రెషన్ మందులు: మొదటి నెల రోజుల్లో ఇంట్లోవాళ్లు గమనించవలసినవి

2001 ఆగస్టులో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ ఫ్లూఆక్సెటిన్ 40 మిల్లీగ్రాముల క్యాప్సూళ్లను అమెరికా మార్కెట్లో విడుదల చేసింది. 1987 డిసెంబరులో ప్రొజాక్ పేరుతో అక్కడ అనుమతి పొంది, డిప్రెషన్ చికిత్స తీరునే మార్చేసిన మందుకు అది జనరిక్ రూపం. ఆ మోతాదును 180 రోజుల పాటు జనరిక్‌గా మరొకరు అమ్మకుండా దక్కే హక్కును ఒక భారతీయ కంపెనీ సంపాదించడం అదే మొదలు కాబట్టి, నగర ఔషధ పరిశ్రమ చరిత్ర చెప్పేవారు ఈ ఘట్టాన్ని సాధారణంగా వదిలిపెట్టరు. వదిలిపెట్టేది దాని తరువాయి భాగాన్ని. 2005 నుంచి అమెరికాలో ఎవరు ఏ యాంటీడిప్రెసెంట్ కొన్నా, మామూలు మనుషులకు అర్థమయ్యేలా రాసిన ఒక గైడ్‌ను మందుతోపాటు వారి చేతికి ఇవ్వాలన్న నియమం అమల్లోకి వచ్చింది. ఏయే లక్షణాలు కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలో, ఇంట్లోవాళ్లు దేన్ని గమనిస్తూ ఉండాలో అందులో ఉంటుంది. అదే తరగతి మందును కోఠీలోనో మెహిదీపట్నంలోనో కొన్నప్పుడు దక్కేది కత్తెరతో కత్తిరించిన స్ట్రిప్పు ముక్క, ఒక చిన్న కాగితం కవరు, ఆ కవరు మీద పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని పెన్నుతో గీసిన గీతలు. పెట్టెలో కరపత్రం ఉన్నా అది ఇంగ్లిష్‌లో, వైద్యుల కోసం రాసినదై ఉంటుంది; పెట్టెతోపాటే అది షాపు అరలో మిగిలిపోతుంది.

ఈ మందుల వల్ల అరుదుగా తలెత్తే తీవ్రమైన మానసిక దుష్ప్రభావాల గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడాను పక్కన పెట్టలేం. ఎందుకంటే ఆ ప్రమాదం చికిత్సాకాలం అంతటా ఒకే పాళ్లలో పరుచుకుని ఉండదు. మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో, మోతాదు పెంచినప్పుడో తగ్గించినప్పుడో, ఉన్నట్టుండి మానేసినప్పుడు అది గుమిగూడి కనిపిస్తుంది. ఆ రోజుల్లో రోగి ఉండేది డాక్టరు ఎదుట కాదు, ఇంట్లోనో హాస్టల్ గదిలోనో. చూడగలిగిన కళ్లు తల్లివి, భార్యవి, రూమ్మేటువి. ఏం చూడాలో ఎవరూ చెప్పనిదీ వాళ్లకే.

హెచ్చరిక పుట్టిన క్రమం కొంత వివరంగా తెలుసుకోదగ్గది. 1990లో అమెరికాలోని మెక్‌లీన్ ఆసుపత్రికి చెందిన మార్టిన్ టైచర్, ఆయన సహచరులు ఆరుగురు రోగుల అనుభవాన్ని ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. ఫ్లూఆక్సెటిన్ మొదలుపెట్టిన రెండు నుంచి ఏడు వారాల్లో ఆ ఆరుగురిలోనూ చనిపోవాలన్న ఆలోచన అంతకుముందు లేనంత తీవ్రంగా, వదలకుండా పట్టుకుందని అందులో రాశారు. మరుసటి ఏడాది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిపుణుల సంఘం విచారణ జరిపి, మందే కారణమనడానికి నమ్మదగ్గ ఆధారం లేదని తేల్చింది. విషయం అక్కడితో పదేళ్లకు పైగా అణగిపోయింది. 2003లో బ్రిటన్ నియంత్రణ సంస్థ పిల్లల మీద జరిగిన పరీక్షల వివరాలు తిరిగి చూసి, 18 ఏళ్లలోపు డిప్రెషన్ రోగులకు మొదట ఫ్లూఆక్సెటిన్ తరగతికే చెందిన పారాక్సెటిన్, ఏడాది చివరికి ఫ్లూఆక్సెటిన్ మినహా ఆ తరగతిలోని మిగతా మందులూ ఇవ్వవద్దని సూచించింది. 2004 అక్టోబరులో ఎఫ్‌డీఏ తన హెచ్చరికల్లో అత్యంత కఠినమైనదాన్ని, అంటే లేబుల్ మీద నల్లగీతల చట్రంలో అచ్చయ్యే హెచ్చరికను, అన్ని యాంటీడిప్రెసెంట్ల మీదా తప్పనిసరి చేసింది. పిల్లల్లో, కౌమారుల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చన్నది దాని సారాంశం. 2007లో దాన్ని 24 ఏళ్ల వరకు విస్తరించింది.

ఈ హెచ్చరిక వెనక ఉన్న అంకెలను భయపెట్టడానికీ వాడుకున్నారు, కొట్టిపారేయడానికీ వాడుకున్నారు. 2004 నిర్ణయానికి ఆధారం 4,400 మందికి పైగా పిల్లలు, కౌమారులు పాల్గొన్న 24 పరీక్షలు. మందు వేసుకున్నవారిలో నూటికి సుమారు నలుగురిలోనూ, పోలిక కోసం మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో నూటికి సుమారు ఇద్దరిలోనూ ఆత్మహత్య ఆలోచనలు లేదా ఆ దిశగా ప్రవర్తన కొత్తగా నమోదయ్యాయి. ఆ పరీక్షల్లో ఒక్క మరణం కూడా లేదు. తర్వాత పెద్దవాళ్ల మీద జరిగిన వందలాది పరీక్షలను కలిపి లెక్కించినప్పుడు వయసును బట్టి మారే చిత్రం బయటపడింది. వెయ్యిమందికి మందు ఇస్తే, ఉత్తుత్తి మాత్రతో పోల్చినప్పుడు 18 ఏళ్లలోపువారిలో 14 కేసులు అదనం, 18 నుంచి 24 మధ్య 5 అదనం, 25 నుంచి 64 మధ్య ఒకటి తక్కువ, 65 దాటినవారిలో 6 తక్కువ. ఒకే మందు ఇరవై ఏళ్ల కుర్రాడి విషయంలో కాస్త ప్రమాదాన్ని పెంచుతూ, అతని తాతగారి విషయంలో అదే ప్రమాదాన్ని తగ్గిస్తున్నది. ఇలా ఎందుకు జరుగుతుందో ఇప్పటికీ ఎవరూ నమ్మకంగా వివరించలేదు. యువకుల మెదడు ఇంకా పెరుగుతున్న దశలో ఉండటం, వారిలో డిప్రెషన్‌లా కనిపించేది కొన్నిసార్లు, దిగులూ మితిమీరిన హుషారూ మారిమారి వచ్చే బైపోలార్ జబ్బుకు తొలి రూపం కావడం వంటి ఊహలు ఉన్నాయి.

రెండో వైపు కూడా అంతే బరువుతో చెప్పాలి. అమెరికాలో 439 మంది కౌమారుల మీద జరిగి 2004లో ఫలితాలు వెలువడిన ప్రభుత్వ పరీక్షలో, పన్నెండు వారాలకు ఫ్లూఆక్సెటిన్‌తో నూటికి 61 మంది, మందుతోపాటు కౌన్సెలింగ్ కూడా అందినవారిలో నూటికి 71 మంది మెరుగయ్యారు. ఉత్తుత్తి మాత్రతో మెరుగైనవారు నూటికి 35 మంది. ఇక మన దేశంలో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్లలో సుమారు ఇరవై మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్‌కు లోనవుతున్నారు. అలాంటివారిలో అత్యధికులకు ఏ చికిత్సా అందడం లేదు. మందు అందక జరిగే నష్టం మందు వల్ల జరిగే నష్టం కంటే ఎన్నో రెట్లు పెద్దది. దుష్ప్రభావాల గురించి రాసే ప్రతిదీ ఈ వాక్యాన్ని పక్కన పెట్టుకునే చదవాలి. అయితే ఈ వాక్యాన్నే అడ్డం పెట్టుకుని హెచ్చరికను రోగికి చెప్పకుండా దాటవేయడం కూడా సరికాదు. చెబితే భయపడి మందు మానేస్తారేమోనన్న మాట వైద్యుల నోట తరచుగా వినిపిస్తుంది. ఆ భయంలో నిజం లేకపోలేదు, కానీ చెప్పకపోయినా మానేస్తున్నారు. పైగా ఎవరికీ చెప్పకుండా మానేస్తున్నారు.

ఆత్మహత్య ఆలోచన శూన్యంలోంచి ఊడిపడదు. దానికి ముందు కొందరిలో ఒక శారీరక స్థితి కనిపిస్తుంది. వైద్యులు దాన్ని అకథీసియా అంటారు. ప్రాగ్ నగరానికి చెందిన నాడీవైద్యుడు లాడిస్లావ్ హష్కోవెట్స్ 1901లో, అంటే ఈ మందులేవీ పుట్టక ముందే, గ్రీకు మూలాల నుంచి కట్టిన మాట ఇది. కూర్చోలేకపోవడం అని దాని అర్థం. మానసిక వైద్యంలో దీన్ని ఎక్కువగా సైకోసిస్, అంటే భ్రమల్లో పడి వాస్తవంతో సంబంధం తెగిపోయే జబ్బు, మందుల దుష్ప్రభావంగా గుర్తిస్తారు. డిప్రెషన్ మందులతో అంత తరచుగా రాదు కనుక అంత త్వరగా గుర్తుకూ రాదు. రోగి ఒకచోట కుదురుగా ఉండలేడు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే నడవాలనిపిస్తుంది, పడుకుంటే కాళ్లు ఆడించకుండా ఉండలేడు. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి బాల్కనీలోకి తిరుగుతూనే ఉంటాడు. బయటికి కనిపించేది ఈ తిరుగుడే గానీ, లోపల ఉండేది అంతకంటే భరించరానిది: చర్మం లోపల ఏదో మరుగుతున్నట్టు, ఒంట్లోంచి బయటికి దూకేయాలన్నట్టు ఉంటుందని అనుభవించినవారు చెబుతారు. ఆ బాధ నుంచి తప్పించుకోవడమే తక్షణ అవసరమైనప్పుడు, చావు కూడా ఒక మార్గంగా తోచడంలో ఆశ్చర్యం లేదు. మరణకాంక్ష ఇక్కడ దిగులులోంచి వచ్చినది కాకపోవచ్చు.

ఇందులో విచిత్రం ఏమిటంటే, ఈ స్థితికి పేరు పెట్టడానికి మన భాషకు గ్రీకు అక్కర్లేదు. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు అనే మాట తెలుగు ఇళ్లలో రోజూ వినపడేదే. పాతబస్తీలో అయితే బేచైనీ అంటారు. అర్థం దాదాపు అదే. కానీ ఈ మాటలు డాక్టరు గదిలోకి వెళ్లేసరికి రంగు మారిపోతాయి. సర్కారు ఆసుపత్రి ఓపీలో ఒక్కో రోగికి దక్కే కొద్ది నిమిషాల్లో, గాబరాగా ఉంది సార్, నిద్ర పట్టడం లేదు అన్న రెండు ముక్కలుగా అది కుదించుకుపోతుంది. గాబరా అన్న మాట వినగానే జబ్బు తగ్గలేదనో, ఆందోళన పెరిగిందనో అనిపించడం సహజం. అలా అనిపిస్తే చేసే పని మోతాదు పెంచడం. మందు వల్ల వచ్చిన బాధకు అదే మందు మరింత ఎక్కువగా అందుతుంది. ఇక్కడ రెండు ప్రశ్నలు పరిస్థితిని చాలావరకు తేటపరుస్తాయి. ఈ కుదురులేనితనం మందు మొదలుపెట్టక ముందు ఉందా, తర్వాత వచ్చిందా? మనసులో భయం వల్ల తిరుగుతున్నారా, లేక తిరగకపోతే ఒళ్లు ఊరుకోవడం లేదా? రెండింటికీ జవాబు రోగి కంటే ఇంట్లోవాళ్లే బాగా చెప్పగలరు, చెప్పే వీలు ఇస్తే. గుర్తించినప్పుడు దీనికి దారి ఉంది: మోతాదు తగ్గించడం, మందు మార్చడం, కొన్నిసార్లు ప్రొప్రనొలాల్ వంటి మరో మందు తోడు చేయడం. నిర్ణయం డాక్టరుదే, కానీ సమాచారం వెళ్లాల్సింది ఇంటి నుంచి.

హైదరాబాద్ విషయంలో వయసు లెక్క మరింత సూటిగా తగులుతుంది. పదహారేళ్లకే ఊరు వదిలి ఇంటర్మీడియట్ హాస్టళ్లలో చేరేవారు, అమీర్‌పేటలో కోర్సుల కోసం, దిల్‌సుఖ్‌నగర్‌లో, అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షల కోసం గదులు అద్దెకు తీసుకుని ఉండేవారు ఎక్కువగా హెచ్చరిక చెప్పే వయసులోనో, దాని అంచునో ఉన్నవారే. నిద్రలేమితో, దిగులుతో ఇలాంటి విద్యార్థి ఒకరు దగ్గర్లోని క్లినిక్‌కు వెళ్లి మాత్రలు తెచ్చుకున్నాడనుకుంటే, ఆ సంగతి ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు తెలియదు, వార్డెన్‌కు తెలియదు, పక్క మంచం మీద పడుకునే స్నేహితుడికీ చెప్పడు. స్ట్రిప్పును పుస్తకాల మధ్య దాచుకుంటాడు. పదో రోజున అతను రాత్రంతా కారిడార్‌లో నడుస్తుంటే చూసినవాళ్లు పరీక్షల టెన్షన్ అనుకుంటారు. ఈ వయసువారికి మొదటిసారి మందు రాసేటప్పుడు, రోగి ఒప్పుకుంటే, ఇంట్లో ఒకరికో స్నేహితుల్లో ఒకరికో విషయం తెలిసి ఉండేలా చూడటం, మళ్లీ రమ్మనే తేదీని నెలకు బదులు వారానికో పది రోజులకో పెట్టడం ఖర్చులేని జాగ్రత్తలు. మధ్యలో మాట్లాడటానికి ఎవరూ దొరక్కపోతే, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలన్న ఆలోచన బలంగా పట్టుకుంటే మాత్రం ఫోనుతో ఆగకుండా మనిషిని ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

మోతాదు విషయంలో ఒక స్థానిక అంశం ఉంది. ఇప్పుడు విరివిగా వాడుతున్న ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందును శరీరం విరిచి బయటికి పంపడంలో కాలేయంలోని సీవైపీ2సీ19 అనే ఎంజైముది ప్రధాన పాత్ర. పుట్టుకతోనే ఈ ఎంజైము మందకొడిగా పనిచేసేవారు యూరోపియన్లలో కంటే దక్షిణ భారతీయుల్లో చాలా ఎక్కువ. అలాంటి మనిషిలో పది మిల్లీగ్రాముల మాత్ర అంతకంటే పెద్ద మాత్రలా పనిచేస్తుంది. ఎవరిది ఏ రకమో తెలిపే జన్యు పరీక్ష మామూలు ఓపీలో ఎవరూ చేయించరు గనక, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచే పాత పద్ధతికి ఇక్కడ ఉన్న విలువ పాశ్చాత్య పుస్తకాల్లో కనిపించేదానికంటే ఎక్కువ. మందు పడలేదు అని ఇళ్లలో అనే మాటను చాదస్తంగా తీసిపారేయకూడదనడానికి ఇదొక కారణం.

మరో దుష్ప్రభావం దీనికి పూర్తిగా వ్యతిరేక వేషంలో వస్తుంది కాబట్టి మరింత మోసం చేస్తుంది. యాంటీడిప్రెసెంట్ల చరిత్రే అలాంటి ఘటనతో మొదలైంది. 1950ల ఆరంభంలో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయ రోగుల మీద ఇప్రోనియజిడ్ అనే మందు పరీక్షిస్తున్నప్పుడు, మంచాలకు అతుక్కుపోయిన రోగులు లేచి హుషారుగా తిరగడం వైద్యుల్ని ఆశ్చర్యపరిచింది. ఆ హుషారు హద్దు దాటితే మేనియా. అప్పటివరకు డిప్రెషన్‌గానే కనిపించిన జబ్బు నిజానికి బైపోలార్ అయినప్పుడు, మానసిక స్థితిని నిలకడగా ఉంచే మందు తోడు లేకుండా యాంటీడిప్రెసెంట్ మాత్రమే ఇస్తే రోగి ఆ కొసకు ఎగిరిపడే ప్రమాదం ఉంటుంది. ట్రైసైక్లిక్ అనే పాతతరం డిప్రెషన్ మందులతో, వెన్లాఫాక్సిన్ అనే మందుతో ఈ ప్రమాదం మిగతావాటికంటే ఎక్కువ.

ఇంట్లో ఇది ఎలా కనిపిస్తుందో ఊహించడం కష్టం కాదు. ఆరు నెలలుగా గదిలోంచి బయటికి రాని మనిషి మూడో వారంలో తెల్లవారుజామున మూడింటికే లేచి స్నానం చేసి, బంధువులందరికీ ఫోన్లు చేసి కుశలం అడుగుతాడు. మందు బాగా పనిచేసిందని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. డాక్టరుగారి హస్తవాసిని మెచ్చుకుంటారు. రెండు మూడు గంటల నిద్రతోనే అలసట లేకుండా ఉంటాడు, మాట ఆపడు, అడ్డు చెబితే విరుచుకుపడతాడు. వారం తిరిగేలోపు శంకర్‌పల్లిలో ప్లాటుకు ఎవరినీ అడక్కుండా అడ్వాన్స్ ఇచ్చి వస్తాడు. కోలుకోవడానికీ దీనికీ తేడా నిద్ర దగ్గర తెలుస్తుంది: కోలుకుంటున్నవారు నిద్రపోతారు, నిద్ర తక్కువైతే అలసిపోతారు. నిద్ర తగ్గినా ఉత్సాహం పెరుగుతూ పోతే అది డాక్టరుకు ఆ రోజే చెప్పవలసిన సంగతి. ఈ ముప్పును ముందే పసిగట్టడానికి వైద్యులు అడిగే ముఖ్యమైన ప్రశ్న కుటుంబంలో ఇంకెవరికైనా ఇలాంటి జబ్బు ఉందా అన్నది. దురదృష్టవశాత్తు మన ఇళ్లలో నిజమైన జవాబు రాని ప్రశ్న కూడా అదే. పెళ్లి కావలసిన పిల్లలున్న ఇంట్లో మేనమామ ఎర్రగడ్డ ఆసుపత్రిలో నెల రోజులు ఉన్న సంగతి డాక్టరు గదిలో కూడా నోరు దాటదు. సంబంధాల కోసం దాచిన ఆ ఒక్క వాక్యం వల్ల తప్పు మందు మొదలయ్యే అవకాశం ఉందని చాలామందికి తెలియదు.

ఆత్మహత్య విషయంలో వృద్ధులకు ఈ మందులు మేలే చేస్తున్నా, వారిని మరో దారిలో దెబ్బతీస్తాయి. మెదడులో సందేశాలు మోసే సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేసే ఈ మందులు కొందరిలో రక్తంలోని సోడియాన్ని పడగొడతాయి. 65 దాటినవారు, ముఖ్యంగా స్త్రీలు, అందులోనూ బీపీ కోసం థయజైడ్ రకం నీటిమాత్ర (ఒంట్లో నీటిని మూత్రంగా పంపేది) కలిసిన మందు వాడేవారు ఎక్కువగా దీని బారిన పడతారు. మొదటి నెలలోనే సాధారణంగా బయటపడుతుంది. సోడియం మామూలుగా 135 నుంచి 145 మధ్య ఉండాలి. అది బాగా పడిపోయినప్పుడు ముసలావిడ మనుమడిని కొడుకు పేరుతో పిలుస్తుంది, పట్టపగలు రాత్రయిందంటుంది, నడుస్తూ తూలిపోతుంది. వయసు మీద పడింది, మతిమరుపు ముదిరింది అని సరిపెట్టుకుంటారు. కొన్ని రోజుల్లో మొదలైన మతి భ్రమణకూ, ఏళ్ల తరబడి మెల్లగా వచ్చే మతిమరుపుకూ పోలిక లేదు. వీధి చివరి ల్యాబ్‌లో కూడా చేసే మామూలు రక్తపరీక్ష విషయాన్ని తేల్చేస్తుంది.

మందులు ఒకదానితో ఒకటి కలిసి చేసే హాని గురించి రెండు మాటలు. ట్రమడాల్ అనే నొప్పి మాత్ర, డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న దగ్గు సిరప్, మొండి క్షయకు ఇచ్చే లైనజోలిడ్, ఇవి డిప్రెషన్ మందుతో కలిస్తే ఒంట్లో సెరటోనిన్ మితిమీరవచ్చు. అలా జరిగితే గంటల వ్యవధిలో చెమటలు, వణుకు, కండరాలు అదరడం, జ్వరం, అయోమయం మొదలవుతాయి. అది క్యాజువాలిటీకి వెళ్లవలసిన స్థితి. ట్రమడాల్‌ను 2018లో మత్తుపదార్థాల చట్టం కిందికి తెచ్చారు గానీ, పంటి నొప్పికో వెన్నునొప్పికో చీటీ రాసే డాక్టరుకు మీరు వాడుతున్న మానసిక మందు పేరు చెప్పకపోతే ఏ చట్టమూ కాపాడలేదు.

చెప్పకపోవడానికి ఒక్కోసారి సిగ్గు కూడా కారణం కాదు. తాము వాడేది డిప్రెషన్ మందని రోగికే తెలియదు. ఇది ఈ నగరంలో తగినంత చర్చకు రాని విషయం. అమిట్రిప్టిలిన్ మైగ్రేన్‌కు ఇస్తారు. డులాక్సెటిన్ షుగర్ రోగుల అరికాళ్ల మంటకు ఇస్తారు. శీఘ్రస్ఖలనానికి అమ్మే డపాక్సెటిన్ కూడా ఫ్లూఆక్సెటిన్ వంశానికి చెందినదే. గుండె దడ అని వెళ్లి ఈసీజీ మామూలుగా వచ్చినవారికి, గ్యాస్ అని ఏళ్ల తరబడి తిరిగేవారికి ఎస్సిటాలోప్రామ్, ఆందోళన తగ్గించే క్లొనజెపామ్ కలిసిన మాత్ర రాయడం సర్వసాధారణం. అవి ఆ బాధలకు పనిచేస్తాయి, రాయడం తప్పు కాదు. నరాలకు బలం, నిద్రకు మాత్ర అని పేరు మార్చి ఇవ్వడం దగ్గర వస్తుంది చిక్కు. పిచ్చి మందు అనే ముద్రకు భయపడే రోగిని నొప్పించకూడదన్న మంచి ఉద్దేశం దాని వెనక ఉండవచ్చు, కానీ పేరు తెలియని మందు దుష్ప్రభావాన్ని ఎవరు ఎలా గుర్తుపడతారు? పైగా ఆ కలిపిన మాత్రను ఒక్కసారిగా ఆపితే రెండు మందుల లోటు ఒకేసారి తగులుతుంది. క్లొనజెపామ్ ఆగడం వల్ల పుట్టే ఆందోళన అసలు జబ్బు ఆందోళనకు అచ్చుగుద్దినట్టు ఉంటుంది.

దీర్ఘకాలం వాడేవారిలో కొందరు ఇంకో ఫిర్యాదు చెబుతారు. ఏడుపు రావడం లేదు, నిజమే, కానీ నవ్వూ రావడం లేదు; కూతురి పెళ్లిలో కూడా ఎవరి పెళ్లో చూస్తున్నట్టు ఉంది అంటారు. భావాలు మొద్దుబారడం ప్రాణాంతకం కాదు, అయితే మందు మానేయాలన్న నిర్ణయం చాలాసార్లు అక్కడే పుడుతుంది.

మానేయడం దానికదే ఒక ఘట్టం. దసరాకో సంక్రాంతికో ఊరెళుతూ స్ట్రిప్పు మరిచిపోవడం దగ్గర నుంచి, బాగానే ఉన్నాను కదా ఇంకెందుకు అనుకోవడం దాకా కారణాలు రకరకాలు. పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ ఒంట్లోంచి త్వరగా వెళ్లిపోతాయి కనుక ఒకటి రెండు రోజుల్లోనే తల తిరగడం, తలలో కరెంటు షాక్ కొట్టినట్టు అనిపించడం, చిరాకు, ఏడుపు, భయంకరమైన కలలు మొదలుకావచ్చు. ఫ్లూఆక్సెటిన్, దాని నుంచి పుట్టే పదార్థం వారాల తరబడి నిలిచి ఉంటాయి కాబట్టి దానితో ఈ బాధ తక్కువ. 2024లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష, ఉత్తుత్తి మాత్ర ఆపినవారిలో కూడా కనిపించే లక్షణాలను మినహాయిస్తే, ఆరేడుగురిలో ఒకరికి మందు ఆపడం వల్లే ఇలాంటి లక్షణాలు వస్తాయని, సుమారు ముప్పై అయిదు మందిలో ఒకరికి అవి తీవ్రంగా ఉంటాయని అంచనా వేసింది. ఆపిన రోజుల్లోనే మొదలై, తలతిరుగుడు, షాకుల వంటి కొత్త లక్షణాలతో వస్తే అది మందు లోటు; వారాలు, నెలలు గడిచాక పాత దిగులు పాత రూపంలోనే వస్తే అది జబ్బు తిరగబెట్టడం. ఈ రెండింటినీ కలగలిపేసి, మందు జీవితాంతం వదలదని భయపడేవారు, భయపెట్టేవారు ఉన్నారు.

మెల్లగా తగ్గించమని అందరూ చెబుతారు. ఎంత మెల్లగా అన్నదే ప్రశ్న. సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందు 20 మిల్లీగ్రాములు మెదడులో తాను పట్టుకోవలసిన సెరటోనిన్ వాహకాల్లో (సెరటోనిన్‌ను తిరిగి కణాల్లోకి తీసుకెళ్లేవి) సుమారు 80 శాతాన్ని పట్టుకుంటుంది. మోతాదును నాలుగో వంతుకు, అంటే 5 మిల్లీగ్రాములకు తగ్గించినా ఆ పట్టు ఇంకా 60 శాతం దగ్గరే ఉంటుంది. 20 నుంచి 5కు దిగడం కంటే 5 నుంచి సున్నాకు దిగడం మెదడుకు పెద్ద గెంతు అన్నమాట. చివరి మెట్లు చిన్నవిగా ఉండాలని 2019లో హోరోవిట్జ్, టేలర్ అనే పరిశోధకులు వాదించింది ఇందుకే. మామూలు ఇళ్లలో దీన్ని పాటించడమంటే గీతలేని మాత్రను కత్తిపీట మీద నాలుగు ముక్కలు చేయడమే కాబట్టి, ఎలా తగ్గించాలో డాక్టరును, ఏ రూపంలో చిన్న మోతాదు దొరుకుతుందో ఫార్మసిస్టును ముందే అడగడం మేలు.

పైన చెప్పిన ఏ దుష్ప్రభావాన్నయినా రోగి గానీ, ఇంట్లోవాళ్లు గానీ నేరుగా ప్రభుత్వానికి తెలియజేయవచ్చు. దేశవ్యాప్త ఔషధ నిఘా కార్యక్రమం 2010 నుంచి నడుస్తున్నది. 1800-180-3024 దాని ఉచిత నంబరు. మందులు వాడేవారి కోసం ప్రత్యేకంగా తయారుచేసిన ఫారం తెలుగులో కూడా ఉంది. అందులో అడిగేవి కష్టమైన వివరాలేమీ కావు: ఏ మందు, ఎందుకు వాడారు, ఎప్పుడు మొదలుపెట్టారు, ఇబ్బంది ఎప్పుడు కనిపించింది. గ్యాస్ బండ వచ్చిన తేదీ, పాలవాడి లెక్క రాసుకునే గోడ క్యాలెండర్ మీదే మాత్ర మొదలైన తేదీ, మోతాదు మారిన తేదీ, నిద్ర పట్టని రాత్రులు రాసి పెట్టుకున్న ఇంట్లో ఆ ఫారం పది నిమిషాల పని; డాక్టరు గదిలో ఆ కాగితానికి ఇంకా ఎక్కువ విలువ. జవాబు దొరకని గడి ఒకటి మిగలవచ్చు, బ్యాచ్ నంబరుది. అది అచ్చయి ఉండేది స్ట్రిప్పు కొసన. ఐదు మాత్రలు కత్తిరించి ఇచ్చినప్పుడు ఆ కొస షాపులోనే ఉండిపోతుంది.